వదిన కంటికి అమర్చిన రైఫిల్

పొద్దున్నే పేపర్లో మా వదిన ఫోటో వచ్చింది. సిటీ పేజీలో కింద మూలకు, అగ్గిపెట్టెకు కాస్త పెద్దదిగా ఉంది, అంతే. అయినా పేజీ తిప్పగానే నా చూపు వెళ్ళి దాని మీదే పడింది. పెద్ద వయసు ఆడవాళ్ళకు పెట్టిన రైఫిల్ పోటీలో మొదటి బహుమతి అట. మెడలో పతకం, చేతిలో మా బాపు రైఫిల్, పళ్ళు కనబడకుండా నవ్వే ఆ పాత నవ్వు. నేను పేపరు మడిచి కుర్చీ కింద పెట్టాను. చాయ్ మీద మీగడ కట్టింది. మా ఆయన ఆ పేపరు వెతికి తీసి, కళ్ళజోడు సర్దుకొని చూసి, "శారదక్క మంచిగ పడ్డది గద" అన్నాడు. "రైఫిల్ మంచిగ పడ్డది" అన్నాను నేను. ఆయన పేపరు మడిచి మళ్ళీ కుర్చీ కిందే పెట్టేశాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నేర్చుకున్న విద్యల్లో అదొకటి.

వయసు మీద పడుతుంటే ఇలాంటివన్నీ వాటంతటవే చల్లారిపోతాయని చిన్నప్పుడు మా ఇంటి పెద్దవాళ్ళను చూసి అనుకునేదాన్ని. వాళ్ళు బయటపడకుండా ఉన్నారంతేనని ఇప్పుడు తెలుస్తోంది. మోకాళ్ళు అరిగాయి, జుట్టు పలచబడింది, పక్క గదిలో ఫోను మోగినా వినబడదు. ఓర్వలేనితనం ఒక్కటి మాత్రం పెళ్ళికి ముందు ఎలా ఉందో అలాగే, ఒక్క వెంట్రుక కూడా నెరవకుండా ఉంది. ఆ రైఫిల్ పట్టుకోవలసిన చెయ్యి నాది. ఈ మాట ఇన్నేళ్ళలో నేను ఎవరితోనూ అనలేదు, మనసులో అనుకోని రోజు కూడా లేదు. అయినా ఆడబిడ్డను కదా. వదినకు బహుమతి వస్తే వెళ్ళి పలకరించకపోతే నలుగురూ ఏమంటారు? అందుకని ఒక డబ్బా కోవా కట్టించుకొని జహనుమాలో వాళ్ళింటికి వెళ్ళాను. అలా వెళ్ళడం వల్లనే ఇదంతా రాయవలసి వచ్చింది. అక్కడ ఏం జరిగిందో చెప్పాలంటే, ముందు ఆ రైఫిల్ మా ఇంట్లో ఎలా ఉండేదో చెప్పాలి.

మా పుట్టిల్లు లాల్‌దర్వాజాలో, అమ్మవారి గుడి వెనక గల్లీలో. ముందు ఇల్లు, వెనక కొట్టం, మధ్యలో బండలు పరిచిన వాకిలి. ఇంట్లోకి అడుగు పెట్టగానే నానబెట్టిన తవుడు వాసన, దాని వెనక పేడ వాసన, వాటి మీద అమ్మ కాచే పాల వాసన వచ్చేవి. చుట్టాలు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేవారు. మాకు మాత్రం ఇంకొకరి ఇంట్లో పడుకోవలసి వస్తే ఆ వాసన లేక నిద్ర పట్టేది కాదు. బాపు తెల్లవారకముందే లేచి గేదెల పాలు పితికి, క్యాన్లు సైకిలుకు తగిలించుకొని శాలిబండ దాకా పోసి వచ్చేవాడు. వచ్చాక ఇత్తడి చెంబుతో నీళ్ళు తాగి, చొక్కా విప్పి, నులకమంచం మీద కూర్చొని పేపరు పెద్దగా చదివేవాడు, గేదెలకు కూడా వినిపించాలన్నట్టు. అమ్మ వంటింట్లోంచే ఆ వార్తలకు జవాబులు చెప్పేది. బోనాలు వచ్చినా, పెళ్ళిళ్ళు వచ్చినా ఈ వరుస మారేది కాదు. ఆదివారం ఒక్కటే వేరు. ఆ రోజు పాలు పోసి రాగానే బాపు ఇస్త్రీ చేసిన తెల్ల పైజామా వేసుకొని, అటక మీది పొడుగాటి చెక్కపెట్టె దించేవాడు.

ఆ పెట్టెలో రైఫిల్ ఉండేది. మా తాత ఒక దేవిడీకి, అంటే పాతకాలపు పెద్ద భవంతికి, పాలు పోసేవాడు. ఆ ఇంటివాళ్ళు పంపకాలు చేసుకున్నప్పుడు తివాచీలు, గడియారాలు, అద్దాలు ఎవరికి కావలసినవి వాళ్ళు తీసుకున్నారు. ఈ ఒంటి తూటా రైఫిల్ మాత్రం ఎవరికీ పట్టలేదు. తాతకు అదంటే ఇష్టమని ఎరిగిన పెద్దాయన, తాత పేర లైసెన్సు రాయించి ఇచ్చేశాడు. అది వేటకు పనికొచ్చే పెద్ద తుపాకీ కాదు. కాగితం మీది నల్ల గుండ్రాన్ని కొట్టడానికి చేసిన సన్న తూటా రైఫిల్. కిందనున్న ఇనప పిడిని కిందికి దించితే పైన నోరు తెరుచుకుంటుంది. ఒక్క తూటా పెట్టి పిడిని మీదికి లాగితే మూసుకుంటుంది. అది కాల్చాక మళ్ళీ మొదటి నుంచి. "గిండ్ల ఒక్కటే పడ్తది బిడ్డా, అందుకే సోంచాయించి కొట్టాలె" అనేవాడు బాపు. తాత పోయాక లైసెన్సు బాపు పేరుకు మారింది. ఊరి బయట రైఫిల్ క్లబ్బులో ఆయన సభ్యుడు. మిగతా సభ్యులంతా కార్లలో వస్తే, మా బాపు పాల సైకిలుకే ఆ పెట్టె కట్టుకొని వెళ్ళేవాడు. అందుకు ఆయన ఏనాడూ చిన్నబోలేదు. ఆ చిన్నబోవడం కూడా నేనే చేసేదాన్ని.

రైఫిల్ తుడిచే పని నాది. మా అన్నకు రేడియోలో క్రికెట్ తప్ప ఇంకేదీ ఎక్కదు, తుపాకీ పెట్టె దించుతుంటే లేచి మేడ మీదికి పోయేవాడు. నేను వాకిట్లో చాప పరిచి, అమ్మ పాత జాకెట్టు గుడ్డను కిరోసిన్‌లో తడిపి, సన్నటి ఇనప చువ్వకు చుట్టి గొట్టంలోకి తోసేదాన్ని. నల్లటి మసి ఊడి వచ్చేది. అది తెల్లగా వచ్చేదాకా తోసి, ఆ తర్వాత కుట్టుమిషను నూనె రాసి, చెక్కకు కొబ్బరి నూనె పట్టించేదాన్ని. స్నానం చేసినా వేళ్ళకు ఆ వాసన పోయేది కాదు. అన్నం కలుపుతుంటే వచ్చేది. అమ్మ తిట్టేది. నాకు మాత్రం సోమవారం బడిలో చేతులు ముక్కు దగ్గర పెట్టుకుంటే ఎక్కడో గొప్పింట్లో పుట్టినట్టుగా ఉండేది.

తుడవడం అయిపోయాక అసలు పని మొదలయ్యేది. గొట్టం మధ్యకు ఇవతల, గాడి కొట్టిన చిన్న ఇనప రేకు ఒకటి ఉండేది. గొట్టం కొసన ఆవగింజంత గుండున్న పుల్ల ఇంకొకటి. ఆ గుండును మక్ఖి అంటారు, ఈగ అని. వెనక గాడిలోంచి చూస్తే ముందున్న ఈగ సరిగ్గా మధ్యలో వాలినట్టు కనబడాలి, అది గురి మీద నిలవాలి. "ఎనక గాడి, ముందల మక్ఖి, దాని మీద గురి. మూడూ ఒక్క తాన కలవాలె" అని బాపు నా వెనక కూర్చొని చెప్పేవాడు. ఎదురు గోడకు పాల క్యాను తగిలించే మేకు మా గురి. లోపల కాలిపోయిన ఖాళీ తొడుగు పెట్టి, గొట్టం మీద పావలా బిళ్ళ నిలబెట్టి, ట్రిగ్గరు నొక్కమనేవాడు. పావలా పడిపోతే చెయ్యి కదిలినట్టు. మొదట్లో పడేది. తర్వాత తర్వాత పడటం మానేసింది. గాడి, ఈగ, మేకు నాకు ఒక్క చూపులో కలిసేవి. ఎలా అంటే చెప్పలేను. కొందరికి పాట ఒక్కసారి వింటే వచ్చేస్తుంది చూడండి, అలాగే. కొన్నిసార్లు బాపు నన్ను క్లబ్బుకు తీసుకెళ్ళి నిజం తూటాలు కూడా కొట్టించాడు. కాగితం తెచ్చి చూపిస్తే, కార్లలో వచ్చినవాళ్ళు నావైపు రెండోసారి చూశారు.

ఆ ఏడు క్లబ్బులో ఆడవాళ్ళకు కూడా పోటీ పెడతామని అన్నారు. బాపు ఆ వార్త మోసుకొచ్చి, మంచం మీద కూర్చొని, "మనింట్ల నుంచి గూడ ఒకరు నిలవడ్తరని చెప్పిన" అన్నాడు. ఆ ఒకరు ఎవరో చెప్పలేదు. చెప్పాలా? ఇంట్లో రైఫిల్ ముట్టుకునే ఆడపిల్లను నేనొక్కదాన్నే. ఆ వారమంతా నేను నేల మీద నడిచినట్టు గుర్తు లేదు.

ఆ ఎండాకాలంలోనే అన్న పెళ్ళయింది. శారద వదిన మా వాళ్ళ అమ్మాయే కాని, వాళ్ళకు తాతల నాటి నుంచి బేగంబజార్‌లో ఇత్తడి సామాన్ల దుకాణం. పెళ్ళిచూపుల్లో తల వంచుకొని ఎంతో వినయంగా కూర్చుంటే మా అమ్మ మురిసిపోయింది. వినయం కాదది, కళ్ళజోడు తీయించి కూర్చోబెట్టారు, ఆమెకు ఎదురుగా ఉన్నవాళ్ళు మనుషులో బీరువాలో తెలియలేదు. కాపురానికి వచ్చిన రోజు నాయనమ్మ అనుకొని మంచం మీద మడతపెట్టిన తెల్ల బొంతకు మొక్కింది. నాయనమ్మ పక్కనే పీట మీద కూర్చొని ఉంది. నేను కడుపు పట్టుకొని నవ్వాను. నాతోపాటు ఎవరూ నవ్వలేదు. అమ్మ వెళ్ళి ఆమె సామాను విప్పి సీసా అడుగుల్లాంటి కళ్ళజోడు తీసి తనే పెట్టింది. అప్పుడు వదిన తలెత్తి ఇల్లంతా చూసి, నన్ను చూసి నవ్వింది. ఇల్లు ఆమె వైపు తిరిగిపోయిందని నాకు ఆ క్షణమే తెలిసిపోయింది.

ఒక్కటొక్కటిగా నావన్నీ ఆమెవి అయ్యాయి. నాయనమ్మకు తమలపాకు చుట్టివ్వడం నా పని, ఆమె చుడితే ఈనె గుచ్చుకోదట. అమ్మ పొద్దున మొదటి చాయ్ నాకు పోసేది, ఇప్పుడు "పాపం కొత్తపిల్ల" అని ఆమెకు. వదిన గొంతు పెంచేది కాదు, ఎదురు చెప్పేది కాదు, గేదె దగ్గరికి పోవాలంటే మాత్రం వణికిపోయేది. నేను తప్పు పట్టడానికి సందు దొరకకుండా మంచిగా ఉండేది. అంతకంటే ఒళ్ళు మండే విషయం ఇంకేముంటుంది? ఒక ఆదివారం బాపు మా ఇద్దరినీ క్లబ్బుకు తీసుకుపోయాడు. నేను గాడితో కొడుతుంటే ఆమె వెనక నిలబడి చూసింది. ఆమె చేతికి ఇస్తే గాడి, ఈగ రెండూ కలిసి బూజులా కనబడుతున్నాయంది. నాకు ప్రాణం చల్లబడింది. కాని ఇంటికి వచ్చాక బాపు ఊరుకోలేదు. సూదిలో దారం ఎక్కిస్తున్న ఆమె చేతులనే చాలాసేపు చూసి, రైఫిల్ తెప్పించి, గొట్టం మీద పావలా పెట్టాడు. ఆమె ఊపిరి బిగపట్టి ట్రిగ్గరు నొక్కింది. పావలా కదల్లేదు. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ కదల్లేదు. ఆ పావలాను మనసులో నేను తిట్టినట్టు ఇంకెవరినీ తిట్టి ఉండను.

పత్తర్‌గట్టి వెనక గల్లీలో తుపాకులు బాగుచేసే కరీం ఉస్తాద్ దుకాణం ఉండేది. ఆయనది తెల్ల గడ్డం, కంటికి భూతద్దం, ముందు ఆకుపచ్చ బనాతు పరిచిన బల్ల. బాపు మా ఇద్దరినీ వెంటబెట్టుకొని అక్కడికి పోయాడు. రైఫిల్ గురి మార్పించాలి అన్నాడు. ఉస్తాద్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, అద్దాల కళ్ళకు గాడి పనికిరాదన్నాడు. గాడి, మక్ఖి, గురి, మూడు దూరాలు ఒక్క కన్ను ఎక్కడ పట్టుకుంటుంది? దానికి బదులు కంటికి దగ్గరగా, వెనక భాగంలో, సన్న రంధ్రమున్న బిళ్ళ పెట్టాలి. రంధ్రంలోంచి చూస్తే చూపు తనంతట తనే మధ్యకు వస్తుంది. కాని దానికి ఇనుములో రంధ్రాలు తొలవాలి, పాత గాడి రేకు పీకేయాలి. "ఎక్‌బార్ బర్మా మారే తో వాపస్ నై హోతా, అన్నా. సోంచాయించి చెప్పు. కిస్‌కీ ఆంఖ్ కే వాస్తే?" అన్నాడు. ఒకసారి తొలిస్తే మళ్ళీ మామూలు కాదు, ఎవరి కంటికి అని.

నేను బాపు ముఖంలోకి చూశాను. బాపు నా వైపు చూడలేదు. "కోడలికి" అన్నాడు. ఉస్తాద్ నన్ను చూపించి, ఈ బేటీ గాడితో మంచిగా కొడుతుందని నువ్వే చెప్పావు కదా అన్నట్టు చెయ్యి తిప్పాడు. "బిడ్డె రేపు ఒకరింటికి పోయేది ఉస్తాద్. రైఫిల్ ఇంట్ల ఉండేది. కోడలు గూడ ఇంట్ల ఉండేది" అన్నాడు బాపు. గడ్డి రేటు చెప్పినట్టు మామూలుగా చెప్పాడు. ఆయనకు అందులో తప్పు కనబడలేదు. బాపుకు నేనంటే ప్రాణమని నాకు తెలుసు. తెలిసినా, ఆ నిమిషం ఆ బల్ల మీది సుత్తి తీసుకొని దేన్నైనా పగలగొట్టాలనిపించింది.

అక్కడితో అయిపోయినా బాగుండేది. ముందు వైపు మక్ఖికి బదులు ఏం పెట్టాలని ఉస్తాద్ మూడు రకాలు తీసి బనాతు మీద వరసగా పెట్టాడు. ఒకటి పాత రకం గుండు, ఒకటి నిలువుగా ఉండే సన్నటి పత్తీ, ఒకటి చిన్న ఇనప ఉంగరం, ఛల్లా అన్నాడు దాన్ని. బాపు నన్ను పిలిచి, "ముందలిది నువ్వు చెప్పు రాజీ. దానికేం తెల్వదు, సరిగ గురి గూడ చూడలె" అన్నాడు. పెళ్ళికూతుర్ని తప్పించి, కొత్త పెళ్ళికూతురికి ఆమెనే చీర ఎంచమన్నట్టుంది. అయినా ఎంచాను. గుండు పెడితే నల్ల గుండ్రం దాని వెనక దాక్కుంటుంది. పత్తీ పెడితే దాని మొన మీద గుండ్రాన్ని నిలబెట్టాలి, ఎంత ఎత్తున నిలబెట్టామో ప్రతిసారీ అనుమానమే. ఛల్లా అయితే గుండ్రం దాని లోపల పడుతుంది, చుట్టూ తెల్లటి అంచు సమంగా ఉంటే చాలు. నాకెలా తెలుసంటే, తుడిచేటప్పుడు నా గాజు ఒకటి ఎత్తి పట్టుకొని అందులోంచి గోడ మేకును చూస్తూ ఆడుకునేదాన్ని. గుండ్రం లోపల గుండ్రం పెట్టడం కంటికి ఎవరూ నేర్పక్కరలేదు. "ఛల్లా" అన్నాను. ఉస్తాద్ నవ్వి, "వాహ్" అన్నాడు. వదిన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నిలబడింది.

ఇంటికి వచ్చి అమ్మ దగ్గర ఏడిస్తే, "అత్తగారింట్ల తుపాకి ఎవలు పట్టనిస్తరే నీకు? లేనిపోని లొల్లి పెట్టకు" అని చింతపండు పిసుకుతూనే ఉంది. ఉస్తాద్ పని పూర్తి చేసి ఇచ్చిన కొద్ది రోజులకు రైఫిల్ తుడవబోతే, వెనక రంధ్రపు బిళ్ళ పక్కనా పైనా ఉన్న రెండు స్క్రూల మీద ఎర్రటి లక్క చుక్కలు గట్టిపడి ఉన్నాయి. "ఉస్తాద్ లక్క ఏసిండంటె ఇగ కదపొద్దన్నట్టే" అన్నాడు బాపు. ఆయన జన్మంతా కదలని గాడితోనే కొట్టినవాడు, స్క్రూల సంగతి ఆయనకూ కొత్తే. ఒక్కసారి మాత్రం నా బాధ చూడలేక క్లబ్బులో నా చేతికి ఇచ్చి కొట్టమన్నాడు. రంధ్రంలోంచి చూస్తే నల్ల గుండ్రం ఛల్లా మధ్యలో ముత్యంలా నిలిచింది. అంత చక్కగా గాడితో ఎప్పుడూ కనబడలేదు. నొక్కాను. తూటా పోయి కింద ఎడమ పక్క మట్టికట్టలో పడింది, కాగితానికి కూడా తగల్లేదు. మళ్ళీ కొట్టాను, మళ్ళీ అక్కడే. ఎవరో మర్యాదగా దగ్గారు. బాపు నా భుజం మీద చెయ్యి వేసి, "అది దాని కంటికి పెట్టింది బిడ్డా. నీకు పడదు" అన్నాడు. వదిన వెనక నిలబడి కళ్ళజోడు తుడుస్తోంది, ఎంతకీ తుడవడం అవలేదు. నేను రైఫిల్ ఆమె చేతికిచ్చి వచ్చేశాను. ఆ తర్వాత దాన్ని ముట్టుకోలేదు, తుడవలేదు కూడా.

పోటీలో వదిన గెలిచింది. ఆ తర్వాత కూడా గెలుస్తూనే పోయింది. మా ఇంటి గూట్లో దేవుడి పటాల పక్కన ఆమె కప్పులు పేరుకున్నాయి. నాకు పెళ్ళయింది. బాపు లెక్క ప్రకారం పోవలసిన దాన్ని నేను. పోయింది ఎంత దూరమంటే, మా పుట్టింటికి రెండు గల్లీల అవతలికి. ఇప్పటికీ అదే అమ్మవారి గుడి గంట వింటూ లేస్తాను. ఇంట్లో ఉండవలసిన కోడలు, బాపు పోయాక, కొట్టం తీసేశాక, మా అన్నను వెంటబెట్టుకొని జహనుమాలో ఇల్లు కట్టుకొని పోయింది, రైఫిల్‌తో సహా. మా కొట్టం ఉన్నచోట ఇప్పుడు మొబైల్ ఫోన్లు బాగుచేస్తారు. గల్లీలో పాలు ప్యాకెట్లలో వస్తాయి, వాటికి ఏ వాసనా ఉండదు. ఎప్పుడైనా పాత వాకిలి ముందు నుంచి పోతుంటే ఆ గోడకు మేకు ఉందా అని చూస్తాను. లేదు.

జహనుమా వెళ్ళేసరికి అన్న టీవీ ముందు కూర్చొని నిద్రపోతున్నాడు. వదిన వరండాలో చాప పరుచుకొని రైఫిల్ ముందు పెట్టుకొని ఉంది. ముఖాన కళ్ళజోడు లేదు. మొన్ననే కంటి ఆపరేషన్ అయింది, దూరం చూపు వచ్చిందట, అది లేకుండా ఆమె ముఖం ఎవరిదోలా ఉంది. కోవా అందుకొని, "కూసో రాజీ. మంచి టైముకొచ్చినవ్. నువ్వే చెప్పాలె" అని ఒక చిన్న రేకు డబ్బా నా ముందుకు జరిపింది. అందులో రకరకాల వెడల్పుల ఛల్లాలు. ఆపరేషన్ తర్వాత పాత ఛల్లాలో నల్ల గుండ్రం ఇరుకుగా కనబడుతోందట, పోటీలో ఎలాగో నెట్టుకొచ్చిందట. "క్లబ్బుల అందరు పత్తీ పెట్టుకోమన్నరు, అప్పుడు గూడ, ఇప్పుడు గూడ. నేను పెట్టుకోలె. మా మరదలు చెప్పింది ఛల్లా అని చెప్పిన" అంది. ఆ కప్పుల్లో సగం నావని నేను లోపల్లోపల అనుకుంటూ వచ్చిన మాటే అది. ఆమె నోట వింటే సంతోషించాలి. సగమే ఎందుకు నావి అని ఒళ్ళు మండింది.

ఒక్కొక్క ఛల్లా ఎత్తి అందులోంచి ఎదురింటి డాబా మీది నీళ్ళ ట్యాంకును చూశాను. గుండ్రం చుట్టూ తెల్ల అంచు కాస్త ఎక్కువగా మిగిలేది ఒకటి ఏరి ఇచ్చాను. ముసలి కంటికి చోటు ఎక్కువ కావాలి. ఆమె దాన్ని బిగిస్తుంటే రైఫిల్ వెనక వైపు నా కంట పడింది. రెండు స్క్రూలూ నూనె రాసి మెరుస్తున్నాయి.

"లక్క ఏమైంది వదినా?" అన్నాను.

"గీకేసిన. కన్ను మారింది గద, తిప్పుకోవాల్సొచ్చింది."

"ఉస్తాద్ ఏసిన లక్క గద. కదపొద్దని బాపు ఎన్నిసార్లు చెప్పిండు?"

వదిన చేతిలో పని ఆపలేదు. "ఉస్తాద్ ఎక్కడ ఏసిండు రాజీ? నేనే ఏసిన" అంది.

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. వాళ్ళ పుట్టింట్లో ఊళ్ళకు పంపే ప్రతి సామాను మూటకూ ముడి మీద లక్క కరిగించి ముద్ర వేస్తారు. ముద్ర పగిలితే ఎవరో ముట్టుకున్నట్టు. ఆమె పెట్టెలో లక్క కడ్డీ ఉండటం నేనూ చూశాను, ఎందుకని అడగలేదు. "ఎందుకేసినవ్?" అన్నాను.

"నువ్వు తిప్పుతవని" అంది వదిన. తర్వాత స్క్రూడ్రైవరు చాప మీద పెట్టి, నా ముఖంలోకి చూసి చెప్పింది. "రైఫిల్ తేను మీ అన్నతోటి పోయిననాడు ఉస్తాద్ నన్ను కూసోవెట్టి చూపించిండు. ఈ పక్క స్క్రూ తిప్తె తూటా పక్కకు జరుగుతది, పైది తిప్తె మీదికి కిందికి జరుగుతది. ఎవలు కొడితె వాళ్ళ కంటికి తిప్పుకోవచ్చు, మీ మరదలికి గూడ చెప్పు బేటీ అన్నడు. నేను చెప్పలె. మామకు గూడ చెప్పలె. నువ్వు కొడితె తూటా మట్టిల పడ్డనాడు గూడ చెప్పలె. రెండు తిప్పులు తిప్తె నీకు గూడ నడిమిట్ల పడ్తుండె."

"ఎందుకు చెప్పలె?"

"నువ్వు గాడితోటి కొడ్తుంటె చూసిన గద నేను. గాడితోటి గట్ల కొట్టేదానికి ఛల్లా దొరికితె ఇగ నన్ను ఎవలు చూస్తరు? నాకు గేదెలంటె భయం, వంట రాదు, బొంతకు మొక్కినదాన్ని. ఆ ఇంట్ల అందరు నీవాళ్ళే. నాకు అదొక్కటే దొరికింది." కోవా ముక్క ఒకటి తుంచుకొని, "నిన్ను చూస్తె మస్తు ఓర్వలేకపోతుంటి రాజీ. ఇప్పుడు గూడ, నువ్వు ఛల్లా ఏరుతుంటె, నాకు ఎన్నడన్న గట్ల తెలుస్తదా అనిపించింది" అంది.

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. నా వయసంతా ఒక లక్క చుక్క కింద పెట్టి మూసేసిన మనిషి ఎదురుగా కోవా తింటూ కూర్చుంది. కాని నిజం రాయాలంటే, కోపం రాకముందే ఇంకొకటి వచ్చింది. కడుపులో వెచ్చగా, పండగ పూట కొత్త బట్ట కట్టుకున్నట్టుగా. నన్ను చూసి ఒకరు ఓర్వలేకపోయారు. అది కూడా మా వదిన. ఇన్నేళ్ళూ నేనొక్కదాన్నే కళ్ళల్లో నిప్పులు పోసుకుంటున్నాననుకున్నాను, అవతల ఆమె నాకు భయపడి లక్క కరిగించుకుంటోంది. ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో నాలో నేనే నవ్వుకున్నాను. సగం దారి దాటాక ఏడ్చాను కూడా, మట్టికట్టలో పడ్డ ఆ రెండు తూటాల కోసం, వాటి తర్వాత నేను కొట్టని వాటన్నిటి కోసం.

ఆ రాత్రి వదినకు ఫోను చేసి, వచ్చే ఆదివారం నేనూ క్లబ్బుకు వస్తానన్నాను. ఆమె టైము చెప్పి ఫోను పెట్టేసింది. క్లబ్బు ఇప్పుడు ఊరి బయట లేదు, ఊరే దాన్ని దాటి పోయింది. ఆడపిల్లలు బోలెడంత మంది, రంగురంగుల రైఫిళ్ళతో, చెవులకు బిరడాలు పెట్టుకొని నిలబడి ఉన్నారు. ఒక పిల్ల తూటా కాస్త పక్కకు పడగానే, ఎవరినీ అడగకుండా, ఎవరి వైపూ చూడకుండా, చేయి చాపి స్క్రూ తిప్పుకొని మళ్ళీ కొట్టింది. ఎంత మామూలుగా తిప్పిందో. వాళ్ళ నాన్న వెనక కుర్చీలో కూర్చొని ఫోను చూసుకుంటున్నాడు. ఆ పిల్లను చూసి కూడా నాకు కన్నుకుట్టింది, ఆమె ఎవరో కూడా తెలియదు.

నాకు బల్ల వేసి కుర్చీ ఇచ్చారు, మోకాళ్ళు అంతకు మించి ఒప్పుకోవు. వదిన రైఫిల్ నా చేతికిచ్చింది. చెక్క మీద కొబ్బరి నూనె వాసన అలాగే ఉంది, అంటే నా తర్వాత ఆమె కూడా అదే రాస్తూ వచ్చిందన్నమాట. పాత గాడి రేకు పీకకుండా ఉంచినా ఈ కళ్ళకు ఇప్పుడు కనబడేది కాదు. రంధ్రంలోంచి చూస్తే మాత్రం నల్ల గుండ్రం తెల్ల అంచు మధ్య నిలిచింది, ఆనాటి లాగే. నొక్కాను. కింద ఎడమ పక్క మట్టిలో పడింది, అదీ ఆనాటి లాగే. వదిన చెయ్యి చాపి, "ఆగు, నేను తిప్పుత" అంది.

"వద్దు వదినా, నేనే తిప్పుకుంట" అన్నాను. ఆమెకు కనబడకుండా కొంచెం వంగి, ఒక స్క్రూ పక్కకు, ఒకటి మీదికి, టిక్కుమన్న ప్రతి చప్పుడూ వేలికి తెలిసేలా తిప్పాను. కొట్టాను. నల్ల గుండ్రం అంచుకు తగిలింది. ఇంకాస్త తిప్పాను. ఆ తర్వాతిది లోపల పడింది. దాని తర్వాతిది దాని పక్కనే పడింది. వదిన చిన్న దుర్భిణిలోంచి కాగితాన్ని చూసి, కళ్ళజోడు లేదు కనుక, కొంగుతో ఆ దుర్భిణి అద్దాన్నే తుడవడం మొదలుపెట్టింది. చాలాసేపు తుడిచింది. "మంచిగ కొట్టినవ్ రాజీ" అంది చివరికి. ఆ గొంతు నాకు బాగా తెలుసు. ఆమె కప్పు గెలిచినప్పుడల్లా నేను వాడిన గొంతే అది.

తర్వాత ఆమె వంతు. రైఫిల్ ఆమె చేతికిచ్చి లేచాను. ఆమె కూర్చొని, చెంప ఆనించి చూసి, మళ్ళీ తలెత్తింది.

"ఎంత తిప్పినవ్?"

"లెక్క పెట్టలె వదినా" అన్నాను.

పెట్టాను.